పిన్ని సమాధి మీద ఇంగ్లీషు మాట

పాలరాయి పలకల మీద పేర్లు చెక్కే షాపతను శ్రీకాకుళం నుంచి ఫోన్ చేసినప్పుడు నేను విజయనగరంలో మా డాబా మీద గుమ్మడి వడియాలు పెడుతున్నాను. చేతికి పిండి, ఫోనుకీ పిండి. "మేడమ్, మీ తమ్ముడుగారు పంపిన మేటర్‌లో పేరూ ఊరూ బాగానే ఉన్నాయి. అడుగున ఇంగ్లీషు మాట ఒకటి ఉన్నాది కదా, దాని కింద కంప్యూటర్ ఎర్ర గీత గీసేస్తంది. ఆ మాట తప్పా, రైటా? మా అప్ప ఇంగ్లీషు లెక్చరరు, ఆవిడ్నే అడుగు అన్నారు మీ తమ్ముడుగారు" అన్నాడు. మా వైపు అక్కను అప్ప అంటారు. ముప్ఫయ్యేళ్లకు పైగా ఇంగ్లీషు పాఠాలు చెప్పి, పిల్లల పేపర్ల నిండా ఎర్ర గీతలు గీసి రిటైరైన మనిషిని. తప్పా రైటా అన్న చిన్న ప్రశ్నకు రెండు రోజుల్లో చెబుతానని పెట్టేశాను. ఆ తర్వాత పెట్టిన వడియం ఒక్కటీ గుండ్రంగా రాలేదు.

ఆ మాట నొవర్కల్. మీరు విని ఉండరు. ఇంగ్లీషు వాళ్లలో కూడా చాలామంది విని ఉండరు. పెద్ద నిఘంటువుల్లో మాత్రం ఒక మూల పడి ఉంటుంది. లాటిన్‌లో నోవెర్కా అంటే సవతి తల్లి. ఆ నోవెర్కా పుట్టింది నోవుస్ అనే మాట నుంచి అంటారు. నోవుస్ అంటే కొత్త. మన నవ వధువులో ఉన్న నవకు దగ్గరి చుట్టం. ఇంటికి కొత్తగా వచ్చిన ఆడమనిషి అని మొదట్లో అనుకుని ఉంటారు. అక్కడితో ఆగి ఉంటే ఎవరికీ బాధ లేదు. నిఘంటువు ఆగదు కదా. సవతి తల్లికి సంబంధించిన అని ఒక అర్థం చెప్పి, ఆ వెంటనే సవతి తల్లిలా కఠినమైన, పగబట్టినట్టుండే అని ఇంకోటి చెబుతుంది. మా పిన్ని క్రిస్మస్ వెళ్లిన నెలకు చనిపోతూ, తన సమాధి రాయి మీద పేరు కింద ఆ మాట ఇంగ్లీషు అక్షరాల్లో రాయించమని మా తమ్ముడు ప్రకాశానికి చెప్పింది. ఈస్టరు నాటికి రాయి నిలబెట్టాలి. మమ్మల్ని కడుపులో పెట్టుకుని పెంచిన మనిషి తలాపున, ఆవిడే కోరి అడిగిన తిట్టును నేను సరేనని ఖాయం చెయ్యాలి. కోపం రాకేం చేస్తుంది? ఎవరి మీద రావాలో తెలియని కోపం. నిఘంటువు మీదా, లాటిన్ మాట్లాడి చచ్చిపోయిన వాళ్ల మీదా, అన్నిటికంటే ఎక్కువగా మా నాన్న మీదా.

మాది ఆమదాలవలస. నాన్న మిషన్ హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. దానియేలు మాస్టారంటే మా ఊరి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ దగ్గర రిక్షా వాళ్లకు కూడా తెలుసు. మా అమ్మ సంతోషమ్మ, నాకు ఊహ తెలుస్తున్న రోజుల్లో, ప్రకాశం ఇంకా పాకుతుండగా, జ్వరం వచ్చి పోయింది. మమ్మల్ని చూసుకోవడానికి అమ్మమ్మ తన రెండో కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. ఆవిడే పిన్ని, దీవెనమ్మ. అప్పటికే పిన్నికి మిషన్ ఆస్పత్రిలో నర్సు ట్రైనింగుకి పిలుపు వచ్చి ఉంది. రెండు తెల్ల చీరలు కొనుక్కుని ట్రంకు పెట్టెలో కలరా ఉండలు వేసి దాచుకుంది. కొన్నాళ్లుండి వెళ్లిపోదామని వచ్చిన మనిషి, ప్రకాశం చెంగు వదలక ఇంకొన్నాళ్లు ఉండిపోయింది. ఏడాది తిరిగేసరికి పెద్దలు కూర్చుని, పిల్లలకు పరాయి మనిషిని తెచ్చేకంటే ఈ పిల్లనే బావకు ఇచ్చి చేసేస్తే సరిపోతుందన్నారు. మా వైపు అది వింతేమీ కాదు. అక్క పోతే చెల్లెలు ఆ ఇంట్లో అడుగు పెట్టడం హిందువుల్లోనూ ఉంది, మాలోనూ ఉంది. ఆ కూర్చున్న పెద్దల్లో ఒక్కరూ తనను అడగలేదని పిన్ని నాకు పెద్దయ్యాక చెప్పింది. నవ్వుతూనే చెప్పింది గానీ నాకు నవ్వు రాలేదు. ఆ తెల్ల చీరల్లో ఒకటి కట్టుకునే చర్చిలో పెళ్లి చేసుకుంది. రెండోదాన్ని చింపి ప్రకాశానికి పక్కగుడ్డలు కుట్టింది.

పెళ్లయ్యాక కూడా నాన్నను బావా అనే పిలిచేది. మమ్మల్ని మాత్రం అమ్మా అని పిలవనిచ్చేది కాదు. ఆ విషయంలో ఆవిడ మొండితనం ఇంతా అంతా కాదు. ఈస్టరు ముందు రోజు పొద్దున్నే తట్టలో సున్నం నానబెట్టి, ఈత మట్టను రాతి మీద చితక్కొట్టి కుంచె చేసుకుని, మా ఇద్దర్నీ వెంటబెట్టుకుని సమాధుల తోటకు నడిచేది. అమ్మ సమాధికి ఎవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేది కాదు, సున్నం తనే వేసేది. మోచేతుల దాకా తెల్లగా అయిపోయేది. తడి సున్నం వాసన, ఆవిడ చెమట వాసన, ఏటి వైపు నుంచి వచ్చే గాలి, ఇప్పటికీ నాకు ఈస్టరు అంటే అదే. సున్నం వేయడం అయ్యాక మమ్మల్ని ఆ రాయి ముందు నిలబెట్టి ప్రతి ఏడూ ఒకే మాట చెప్పేది.

"ఇదీ మీ అమ్మ. నాను పిన్నిని. మీకు ఇది గురుతుండాల."

ఇంట్లో ఇంత నికరంగా ఉన్న మనిషికి వీధిలో వేరే పేరు పెట్టారు. మా వీధి కొళాయి దగ్గర మార్తమ్మ అని ఒకామె ఉండేది. మా చర్చి మనిషే, మా వెనక వరసలో కూర్చుని పాటలు గట్టిగా పాడేది. ఆమెకు పిన్ని అంటే సవితల్లి. ప్రకాశం బక్కగా ఉంటే సవితల్లి కడుపు నిండా పెట్టడం లేదనేది. నాకు కొత్త గౌను కుడితే సవితల్లి నలుగురి మెప్పు కోసం కుట్టిందనేది. పిన్నికి కడుపు పండలేదు, దానికీ ఆమె దగ్గర ఒక మాట ఉండేది. నిన్నటి దాకా అక్క పిల్లల్ని పెంచడానికి వచ్చిన మంచి పిల్ల, మెళ్లో తాళి పడిన మర్నాటి నుంచి సవితల్లి ఎలా అయిపోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పిన్ని తిరిగి ఒక్క మాట అనేది కాదు. ఇంటికొచ్చి బిందె దింపేది. ఆ దింపడంలో చప్పుడును బట్టి ఆ రోజు కొళాయి దగ్గర ఏం జరిగిందో మాకు తెలిసిపోయేది. ఆ పూట కూరలో కారం కూడా ఎక్కువయ్యేది.

ఇక నాన్న సంగతి. మిషన్ ఆస్పత్రి డాక్టరమ్మగారు తమ దేశం వెళ్లిపోతూ నాన్నకు ఒక లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు ఇచ్చి వెళ్లింది. అట్ట ఊడిపోయింది, అంచులు చెదలు కొట్టాయి, అయినా నాన్నకు అది బైబిల్ తర్వాత బైబిల్. వంటింటి తలుపు లోపలి వైపు నల్లరంగు వేయించాడు. రోజూ సాయంత్రం స్కూలు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని, ఆ తలుపు మీద సుద్దముక్కతో ఒక మాట రాసేవాడు. అందరికీ తెలిసిన మాటలూ ఉండేవి, ఎవరికీ తెలియనివే ఎక్కువ. భోజనాల దగ్గర దాని సంగతి చెప్పేవాడు. ముందు మూలం, తర్వాత అర్థం, ఆ తర్వాత మేము ఒక వాక్యం చెప్పాలి. అప్పుడే అన్నం. వంకాయా ఎండు నెత్తళ్లూ ఇగురు ఉడుకుతూ ఉంటే, లాంతరు కిరసనాయిలు వాసనతో కలిసి ఇల్లంతా కమ్ముకుంటే, మా కడుపులు కాలిపోతుంటే, నాన్న లాటిన్ క్రియల గురించి తీరిగ్గా చెబుతూ ఉండేవాడు. నిఘంటువులో వరస తప్పకూడదని ఆయన పంతం. మాట నచ్చలేదనో, నోరు తిరగలేదనో దాటేయడం ఆయన ఒప్పుకునేవాడు కాదు. పుస్తకంలో ఒక్క గీత కూడా వదలకుండా చదివినవాడే చదువుకున్నవాడని స్కూల్లో పిల్లలకు కూడా చెప్పేవాడు.

ఈ చదువులో అందరికంటే ముందున్నది పిన్ని. గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి వినేది, మర్నాటికి ఆ మాటను పనిలో పెట్టేసేది. ఎడేషియస్ అంటే తిండిపోతు, తినడం అనే లాటిన్ క్రియ నుంచి వచ్చిందని నాన్న చెప్పిన మర్నాడు, మూడోసారి అన్నం అడిగిన ప్రకాశాన్ని "ఒరే ఎడేసియస్సు, సాల్లే ఇంక" అంది. లాక్రిమ అంటే కన్నీటి చుక్క అని విన్న రోజు నుంచీ, అమ్మను తలుచుకుని ఊరికే ఏడ్చే నేను లాక్రిమోసునైపోయాను. ఆవలించే పాస్టరుగారికి కూడా ఒక పేరు పెట్టింది, అది ఇక్కడ రాయను. మాటలన్నీ అలా వాడేసి, సాయంత్రం నాన్న వచ్చే వేళకు తడిగుడ్డతో తలుపు తుడిచి కొత్త మాటకు చోటు చేసేది.

నాన్న వరస ఎన్ అక్షరం దాకా వచ్చింది. నావెల్ అయింది, నవంబర్ అయింది. ఆ తర్వాత ఆ పుస్తకంలో ఉన్నది నొవర్కల్. ఆ రోజు పొద్దున్న కొళాయి దగ్గర పెద్ద గొడవే అయింది. మార్తమ్మ పదిమందిలో ఏదో అంటే పిన్ని నీళ్లు పట్టకుండానే ఖాళీ బిందెతో తిరిగొచ్చి, దొడ్లో కూర్చుని ఏడ్చింది. మధ్యాహ్నం ట్రంకు పెట్టె దించి దుమ్ము దులుపుతుంటే చూశాను. నాన్నకు ఇదంతా తెలుసో లేదో నాకు తెలియదు. ఎప్పటిలాగే మాట తలుపు మీద రాశాడు, ఎప్పటిలాగే పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాడు. నోవుస్ అంటే కొత్త అన్నాడు. నోవెర్కా అంటే ఇంటికి కొత్తగా వచ్చిన తల్లి అన్నాడు. అక్కడ ఆగిపోయాడు. ఏ మాట దగ్గరా తడబడని మనిషి కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"అంటే ఏటి బావా?" అంది పిన్ని గుమ్మంలోంచి.

పిల్లల్ని పెంచడానికి వచ్చిన తల్లి తరహా అని దాని అర్థమన్నాడు నాన్న. మన పిన్నిలాగా అన్నమాట అన్నాడు ప్రకాశం, వాక్యం చెప్పేస్తే అన్నం పెడతారని. అవునన్నాడు నాన్న. పుస్తకం మూసేశాడు. పిన్ని ఆ తలుపు కేసి చాలాసేపు చూసింది. నర్సు ట్రైనింగు కోసం నేర్చుకున్న ఇంగ్లీషు అక్షరాలు వచ్చు కదా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంది.

"మాలాటోళ్ల మీద కూడా ఒక మాట ఉన్నాదన్నమాట ఇంగిలీసులో" అంది.

మర్నాడు తలుపు తుడిచేటప్పుడు ఆ ఒక్క మాట వదిలేసి చుట్టూ తుడిచింది. తర్వాతి మాట నావిస్‌ను నాన్న దాని కింద రాసుకోవలసి వచ్చింది. ఆ తర్వాత మాటలన్నీ దాని కిందనే. అది చెరిగిపోతున్నప్పుడల్లా పిన్నే సుద్దతో దిద్దేది. ట్రంకు పెట్టె మళ్లీ అటకెక్కింది.

ఆ వారంలోనే కొళాయి దగ్గర మార్తమ్మ మళ్లీ నోరు చేసుకుంది. నేను కూడా చెంబు పట్టుకుని పక్కనే ఉన్నాను. పిన్ని బిందె కింద పెట్టి, చెంగు నడుముకు చుట్టుకుని, జీవితంలో మొదటిసారి ఆమెకు ఎదురు చెప్పింది. "నాను సవితల్లిని కాను. నాను నొవర్కల్ని. డాక్టరమ్మగోరి పుస్తకంలో అచ్చేసి ఉన్నాది, కావాలంటే వొచ్చి సూసుకో." మార్తమ్మకు తెలుగు చదవడమే అంతంత మాత్రం. డాక్టరమ్మ పుస్తకం, అచ్చు, ఇంగ్లీషు, ఈ మూడు మాటలకూ ఆమె నోరు పడిపోయింది. మాకు మర్యాద ఇంగ్లీషులో వస్తే దాని బరువే వేరు. ఆనాటి నుంచి పిన్ని ఎదుట ఎవరూ సవితల్లి అనలేదు. పోస్టు బంట్రోతు దగ్గరా, చర్చి స్త్రీల సమాజంలోనూ, కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లల దగ్గరా ఆ మాట తనే చెప్పుకునేది. ప్రకాశాన్ని పట్టుకుని వీడికి నేను నొవర్కల్ని అనేది. అది విశేషణం, అలా వాడకూడదని నేను హైస్కూల్లో ఉండగా ఒకసారి సరిదిద్దబోతే, పెద్ద వచ్చావులే పోవే లాక్రిమోసూ అంది.

రెండో అర్థం నాకు విజయనగరంలో డిగ్రీ చదివేటప్పుడు కనిపించింది. కాలేజీ లైబ్రరీలో పెద్ద నిఘంటువు ఉండేది. ఏదో వెతుకుతూ ఉంటే మా వంటింటి తలుపు మీది మాట ఎదురైంది. మా ఊరి మనిషి పట్నంలో ఎదురైనట్టు సంతోషంగా చదివాను. రెండో గీత చదివాక ఒళ్లు మండిపోయింది. ఆ శనివారమే పాసింజరెక్కి ఇంటికి వెళ్లాను. నాన్న వరండాలో పేపర్లు దిద్దుతున్నాడు. మీ పుస్తకంలో ఈ రెండో అర్థం లేదా అని అడిగాను. ఆయన లేచి పుస్తకం తెచ్చి, ఆ పేజీ తీసి, వేలు పెట్టి చూపించాడు. ఉంది. అచ్చంగా ఉంది.

"నేను చదవలేదమ్మా" అన్నాడు.

ఒక్క గీత కూడా వదలకూడదని ఊళ్లో పిల్లలందరికీ చెప్పిన మనిషి. ఇది అబద్ధం కాదా అని నిలదీశాను. ఆవిడ ఆ మాటను పతకంలా తగిలించుకుని వీధిలో తిరుగుతోంది, ఏ రోజో ఎవరో చదువుకున్నవాళ్లు నవ్వితే ఏం చేస్తారన్నాను. నాన్న ఎర్ర పెన్సిలు పక్కన పెట్టి, మెల్లగా చెప్పాడు.

"ఆ మధ్యాహ్నం పెట్టె సర్దుకున్నది నీ పిన్ని. నాకు తెలుసు. ఆ రెండో గీత కూడా చదివుంటే పొద్దున్నకి ఇంట్లో ఉండేది కాదు. నువ్వు పోయి చెప్పు. నేను వద్దనను."

చెప్పడానికే వంటింట్లోకి వెళ్లాను. పిన్ని రోటి దగ్గర కూర్చుని నువ్వుల పచ్చడి నూరుతోంది. నన్ను చూడగానే, మీ పెద్ద కాలేజీ పుస్తకంలో మా మాట ఉన్నాదా అని అడిగింది. ఆ ముఖం చూసి ఏం చెప్పగలను? ఉందన్నాను. ఉంటాదిలే అన్నట్టు తలూపి, పచ్చడి ముద్ద నా నోట్లో పెట్టి ఉప్పు సరిపోయిందా అని అడిగింది. నాన్న తను మొయ్యలేని బరువు నా నెత్తిన పెట్టి, మళ్లీ పేపర్లు దిద్దుకోవడంలో పడిపోయాడు. దానికే నాకు ఆయన మీద కోపం. ఆయన పోయి ఇన్నేళ్లయినా ఆ కోపం పాతబడలేదు. అబద్ధం ఆడితే ఆడావు, దాని వెనక నిలబడవలసిన రోజు వచ్చేసరికి నువ్వుండవు, నేనే ఉండాలి.

అప్పట్లో ఆ అబద్ధానికి ఒక నీడ ఉండేది. ఆమదాలవలస మొత్తానికి ఆ మాట ఉన్న పుస్తకం ఒకటే, అది మా ఇంట్లోనే ఉంది. ఒక తలుపు వెనక ఒక మాట ఎన్నేళ్లయినా హాయిగా బతకగలిగేది. ఇప్పుడు ప్రతివాడి జేబులోనూ నిఘంటువే. కూరగాయల బండి అతను కూడా ఫోన్ ముందు పెట్టి ఏదైనా అడిగేస్తున్నాడు. తెలుసుకోవడం ఇంత సులువైపోయిన కాలంలో, తెలియకపోవడం వల్ల బతికిన మనుషులు కూడా ఉన్నారని ఎవరికి చెబుతాం? రేపు సమాధుల తోటలో ఎవరో కాలేజీ పిల్ల ఆ రాయి ముందు నిలబడి ఫోన్ తీస్తుంది. పగబట్టినట్టుండే అని వస్తుంది. పాపం ఈవిడ ఎంత రాక్షసో, పిల్లలు రాయి మీద కూడా చెక్కించారు అనుకుంటుంది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు నిద్ర పట్టడం లేదు.

షాపతను ఫోన్ చేసిన మర్నాడు శనివారం. రైలెక్కాను. నెల్లిమర్ల, చీపురుపల్లి, పొందూరు దాటి శ్రీకాకుళం రోడ్డులో దిగేవరకూ ప్రకాశంతో ఏం మాట్లాడాలో వల్లె వేసుకుంటూనే ఉన్నాను. వాడు రైల్వేలో చేసి రిటైరై, పాత ఇంటి చోటే డాబా కట్టుకుని ఉంటున్నాడు. ఆ నల్ల తలుపు ఎప్పుడో పోయింది, ఇప్పుడు వంటింటికి తలుపే లేదు. వాడికి రెండో అర్థం సంగతి తెలియదు. ఇక దాచి లాభం లేదని మొత్తం చెప్పాను. లైబ్రరీ, నాన్న చూపించిన గీత, అన్నీ. వాడు వింటూ వింటూ కుర్చీలో కుంగిపోయాడు.

"ఇన్నాళ్లూ నీ దగ్గిరే ఉంచుకున్నావు. ఇప్పుడు నాకేల సెప్పావప్పా?" అన్నాడు.

నేను పంతులమ్మలా వేరే దారి వెతికాను. లాటిన్ వాళ్లు తల్లి చెల్లెలికి వేరే పేరు పెట్టుకున్నారు, మాటెర్టెరా అని. ఇంకో తల్లిలాంటిది అని దాని భావం. అచ్చం మన పిన్నమ్మ. దాని నుంచి మటెర్టెరల్ అని ఇంగ్లీషులో ఒక విశేషణం ఉంది. నొవర్కల్ కంటే అరుదు, చాలా నిఘంటువుల్లో దొరకదు. దొరికిన చోట మాత్రం శుభ్రంగా ఉంది, రెండో గీత లేదు. అది చెక్కిద్దాం అన్నాను. న్యాయంగా పిన్నికి చెందవలసిన మాట అదేనని, లాటిన్‌కు ఆ మాత్రం బంధుత్వం తెలుసునని, ఇంగ్లీషు వాళ్లే అన్నిటినీ ఆంటీ చేసి పారేశారని గొంతు పెంచి చెప్పాను. వాడు నిదానంగా విన్నాడు.

"బావుంది. ఆ మాట పిన్ని ఎప్పుడైనా అన్నాదా?" అన్నాడు.

లేదన్నాను. మరయితే అది ఎవరి మాట అని అడిగి లేచి వెళ్లిపోయాడు. పిన్ని ఏం అడిగిందో అదే రాయిస్తానని గుమ్మంలో తిరిగి చెప్పాడు. ఎవరో చూస్తే అంటే, చూడనీ అన్నాడు. సాయంత్రమంతా మేమిద్దరం ఆ ఇంట్లో ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. నాకు వాడి మీదా కోపం వచ్చింది. అర్థం తెలిశాక కూడా వాడి కోరిక చెక్కుచెదరలేదు, తెలిసిన దగ్గర్నుంచీ నాకు మాత్రం శాంతి లేదు. ఇదేం న్యాయం?

ఆదివారం చర్చికి వెళ్లాం. చాపలు పోయి కుర్చీలు వచ్చాయి, ఫ్యాన్లు వచ్చాయి, మైకు వచ్చింది. పాత ముఖాలు నాలుగైదు మిగిలాయి. మార్తమ్మ ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో ముడుచుకుని కూర్చుని ఉంది. నడుం పూర్తిగా వంగిపోయింది, చూపు సగం పోయింది, గొంతు మాత్రం అలాగే ఉంది. మా వీధిలోనే ఒక కుర్రాడి భార్య కిందటి ఏడాది పోయింది. చిన్న ఆడపిల్ల మిగిలింది, మా వైపు మాటలో తల్లి నేని గుంట. ఆ కుర్రాడికి మళ్లీ పెళ్లి చేశారు. వచ్చిన అమ్మాయి బొబ్బిలి వైపు పిల్ల, చనిపోయినామెకు ఏమీ కాదు, ఈ బిడ్డకూ ఏమీ కాదు. పెళ్లయ్యాక మొదటి ఆదివారం కాబట్టి ముగ్గుర్నీ ముందుకు పిలిచి మోకరించమన్నారు. కొత్త పెళ్లికూతురు ముసుగు వేసుకుని తల వంచుకుంది. ఆ పసిది ఆమె పక్కన, ఆమెను తాకకుండా, కొంచెం ఎడంగా నిలబడింది. చర్చిలో అందరికంటే పెద్దామె కదా, ప్రార్థన చెయ్యమని మార్తమ్మకు మైకు ఇచ్చారు. ఆమె లేచి, గాల్లో తడుముకుని, ఆ పెళ్లికూతురి నెత్తి మీద చెయ్యి పెట్టింది.

"తండ్రీ, ఈ వొచ్చిన పిల్లని సవితల్లిని సెయ్యకు. ఆ తల్లి నేని గుంటకి ఈ పిల్లని నొవర్కల్ని సెయ్యి. మా దీవెనమ్మని సేసినట్టు సెయ్యి."

చర్చి మొత్తం ఆమెన్ అంది. కుర్రాళ్లూ అన్నారు, ఫోన్లు చేతిలో ఉన్న పిల్లలూ అన్నారు. ఆ మాట ఏమిటని ఒక్కరూ తల ఎత్తలేదు. అదేదో ఎప్పట్నుంచో ఆ వీధిలో ఉన్న మాటే అన్నట్టు, అందరికీ అర్థం తెలిసినట్టు అనేశారు. నేను నోరు తెరిచాను. తప్పు కనిపిస్తే నోరు తెరవడం నాకు జీతం తీసుకుని చేసుకున్న అలవాటు. ప్రకాశం నా వైపు చూశాడు. తెరిచిన నోటితో నేను కూడా ఆమెన్ అన్నాను. అందరికంటే ఆలస్యంగా, ఒక్కదాన్నే అన్నట్టు వినిపించింది. ముసుగులో ఉన్న ఆ పిల్ల పక్కకు జరిగి, పసిదాన్ని దగ్గరికి లాక్కుంది.

బయట చెప్పులు వేసుకుంటుండగా షాపతను మళ్లీ ఫోన్ చేశాడు. రాయి సిద్ధంగా ఉంది, అక్షరాలు మొదలెట్టాలి, ఆ ఎర్ర గీత ఇంకా పోలేదు, తప్పా రైటా చెప్పమన్నాడు. లోపల నాకు కోపం తగ్గిందని చెప్పను. ఆ రెండో గీత ఆ పెద్ద పుస్తకాల్లో ఇంకా ఉంది, నాన్న దాన్ని దాటేసిన సంగతి ఇంకా నాదే. అయినా చెప్పాను.

"రైటే. చెక్కండి."

"అర్థం ఏటి మేడమ్? రేపు ఎవులైనా అడిగితే మేం సెప్పాల కదా" అన్నాడు.

ముందు నోవుస్ దగ్గర్నుంచి మొదలుపెట్టబోయాను. మార్తమ్మ చర్చి మెట్ల మీద గోడ ఊతంగా పట్టుకుని దిగుతోంది. ఆ బొబ్బిలి పిల్ల ఆమెకు భుజం ఇచ్చింది.

"మా వీధికొచ్చి మార్తమ్మగారిని అడగమనండి" అన్నాను.